మందు చుక్క

రుబీనాకు కాలు నిలవదు. విమానాశ్రయం పక్కనే ఉన్న తొండుపల్లి ల్యాబులో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. గాజు పళ్లెంలోని కణాల మీద తన మందు చుక్క పడితే చాలు, కణం పొరలోని సన్నటి ద్వారాలు తెరుచుకుని కాల్షియం లోపలికి దూసుకుపోతుంది, కణం పచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగు చూడటానికే పెద్ద సార్ ఢిల్లీ నుంచి విమానంలో వస్తున్నారు.

"మందు కలపని ఉప్పునీళ్లు కూడా ఒకసారి వేసి చూడమ్మా," అంది పక్క బల్ల దగ్గరి సింధూర.

"గదెట్ల వెలుగుతది అక్కా? సార్ వచ్చేస్తున్నడు ఇగ!" విసుక్కుంటూనే రుబీనా చుక్కలు వేసే పిపెట్‌లోకి ఉప్పునీళ్లు తీసుకుని, పళ్లెం మీద ఎప్పటిలాగే గట్టిగా నొక్కింది.

కణాలన్నీ భగ్గున వెలిగాయి.

సింధూర ఇంకో పళ్లెం తీసుకుని, అదే నీటిని అంచు వెంబడి మెల్లగా జారవిడిచింది. వెలగలేదు. మరో పళ్లెంలో మందునూ అలాగే జారవిడిచింది. అప్పుడూ వెలగలేదు.

రుబీనా మోకాలు ఆగిపోయింది. తాకిడికి తెరుచుకునే ద్వారాలవి. ఇన్ని నెలలుగా కణాలు ఉలిక్కిపడింది మందుకు కాదు, ఆమె చేతి విసురుకు.

కిటికీ అద్దాలు అదిరాయి. విమానం దిగుతోంది.