పూసిన పచ్చిక

పశుగ్రాస పరిశోధన ఆఫీసులో అందరూ ఆమెను గడ్డి మేడమ్ అంటారు. పన్నెండేళ్లుగా ఆమె పెంచుతున్నది గడ్డే మరి. ఎండకు మాడనిది, పశువు మూతి తిప్పుకోకుండా మేసేది కావాలని ఏటా వందల మొక్కల్లో నాలుగైదు ఏరడం, వాటిని కలపడం, మళ్లీ ఏరడం. చివరికి ముప్ఫై మొక్కల మడి ఒకటి మిగిలింది. ఈసారి దాని విత్తనం చేతికొస్తే కొత్త రకం రైతులకు వెళ్తుంది. ఈ ఏడాది దాటితే ఆమె రిటైరవుతుంది. అంతకు మించి ఆమెకు ఆశా లేదు, ఓపికా లేదు.

గడ్డి పుప్పొడి గాలికి ఎగిరి ఎక్కడ పడితే అక్కడ వాలుతుంది. అందుకే మడి పూతకొచ్చే రోజుల్లో ఆఫీసు ముందున్న పచ్చికను తోటమాలి వారం వారం కోసెయ్యాలి. అదీ ఇదే జాతి, కాకపోతే ఎండకు ఆగని పాత రకం; దాని పుప్పొడి కలిస్తే మడి విత్తనం చెడుతుంది. కోస్తే పూయదు, గొడవ ఉండదు.

మూడు వారాల క్రితం తోటమాలి మోకాలు పట్టుకుని మెట్ల మీద కూలబడితే ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఇంటికెళ్లి పడుకోండి పెద్దాయనా. పచ్చిక ఎక్కడికీ పారిపోదులే" అంది.

ఆ తర్వాత మరిచేపోయింది. రోజూ వెనక గేటు నుంచి నేరుగా మడికే వెళ్లేది. ఈ ఉదయం ఆ గేటుకు తాళం ఉంటే ముందు నుంచి వచ్చింది. పచ్చిక మోకాలెత్తున కంకులు వేసి ఊగుతోంది. తట్టి చూస్తే చేతికి పసుప్పచ్చ పొడి అంటింది. గాలి మడివైపే వీస్తోంది.

"నా బుద్ధి గడ్డి తింది" అని మెట్ల మీద కూర్చుండిపోయింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. మొలిచాక అన్నీ పచ్చగానే ఉంటాయి. ఏ రైతు చేలోనో సగం మాడేనాటికి తను ఇంట్లో కాళ్లు చాపుకుని ఉంటుంది. ఆ ఊహ ఎంత హాయిగా ఉందో, అంత సిగ్గుగానూ ఉంది. సంచిలోంచి మడి రిజిస్టరు తీసి "ఈ విత్తనం పనికిరాదు" అని రాసి సంతకం పెట్టింది.

తోటమాలి కుంటుకుంటూ కోత మిషన్ తోసుకొచ్చి ఆగిపోయాడు.

"అబ్బ, ఎంత బాగుంది మేడమ్! ఇరవై ఏళ్లు కోశాను గానీ ఇది పూస్తుందనే ఎరగను." అంతలో ఆమె ముఖం చూశాడు. "నావల్ల ఏమన్నా తేడా వచ్చిందా?"

"మీవల్ల కాదు. దీన్ని ఈ ఒక్కరోజు ఉండనివ్వండి. మిషన్ నాకివ్వండి."

ఆమె మడివైపు తోసుకుంటూ వెళ్తుంటే అతను కంగారుగా వెంటపడ్డాడు. "మేడమ్, అది మీ మడి!"

"చెడిన కంకులు పోయినా వేళ్లు బతికే ఉంటాయి పెద్దాయనా. వచ్చే ఏడాది మళ్లీ పూస్తుంది. అప్పటికి నేనుండను. మీరు మాత్రం పచ్చిక కోయడం మరవకండి."