ఆ కుప్ప కాదమ్మా

హేబ్సిబా పాదాలతో కందులు తిరగేస్తోంది. మడమ ఎత్తకుండా, ఒక కాలి వెనక ఒక కాలు ఈడ్చుకుంటూ నడవాలి. అప్పుడే అడుగు గింజలు పైకి వచ్చి ఎండ చూస్తాయి. ఏళ్ల తరబడి నూనె, దుమ్ము దిగి ఆమె మడమల పగుళ్లు నల్లబడ్డాయి. మామూలుగా సిమెంటు కళ్లం మీద ఆమె నడిచిన చాలు తాడు పట్టి గీసినట్టు ఉంటుంది. ఈ రోజు వంకర పోతోంది.

"ఏందక్కా, పాము పోయినట్టు పోతున్నవ్?" అంది జల్లెడ పడుతున్న కృపమ్మ. "ముందుకు సూడు. బైబిల్ల లోతు పెండ్లాం ఎనకకు సూసే ఉప్పు స్తంభమైంది."

"అయితే అయిత తియ్. నీ పప్పులకు ఉప్పు దొరుకుతది."

నవ్వుతూనే మళ్లీ వెనక్కి చూసింది. గోడ దగ్గర కొడుకు మోహన్ నిలబడి ఉన్నాడు. నౌబాద్ పప్పు మిల్లులో వాడికిది మొదటి రోజు. పందొమ్మిదేళ్లు. పొడుగు చేతులు, లోపలికి పోయిన బుగ్గలు, ఎవరైనా పిలిస్తే ఒక క్షణం ఆగి తిరిగే తల. ఆ క్షణమే ఆమెకు భయం.

కందులకు ముందు నూనె పట్టిస్తారు. ఎండబెట్టి, నీళ్లు చల్లి, మళ్లీ ఎండబెడతారు. పొట్టు వదులైతేనే మరలో పోస్తారు. అందుకే కళ్లం మీద ఎప్పుడూ రెండు రకాలుంటాయి. గోడ వైపు నూనె పట్టించిన పచ్చివి, గేటు వైపు ఎండడం పూర్తయినవి. రెండూ కలిస్తే మరలో సగం నూకవుతుంది, సగం పొట్టు వదలదు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. ఏది ఏదో గుర్తుంచుకొని, వాన సూచన కనబడగానే దేనికది కుప్ప లాగి తాడిపత్రి పట్టా కప్పాలి. మిల్లు లెక్కలు చూసే మునీమ్ అంబాదాస్ మోహన్‌కు అప్పగించిన పని అదే. హేబ్సిబా నాలుగుసార్లు పోయి బతిమాలితే ఒప్పుకున్నాడు.

ఒకప్పుడు వీడు కీర్తన ఒక్కసారి వింటే అప్పజెప్పేవాడు. తండ్రి జీవరాజ్ బతికున్న రోజుల్లో ఆదివారం ఆరాధన కాగానే ఇంటికి ఈత కల్లు వచ్చేది. అడుగున మిగిలింది కొడుకు గ్లాసులో పోసేవాడు. "మొగపోరడు, సలువ జేస్తది" అనేవాడు. అప్పుడు మోహన్‌కు పదమూడేళ్లు. ఆ తర్వాత రైలు కట్ట వెనక స్నేహితులు దొరికారు, గంజాయి దొరికింది. ఆ మత్తులో కొట్లాటలు మానేశాడు, ఎదురు చెప్పడం మానేశాడు. చర్చిలో వెనక చాప మీద కళ్లు ఎర్రగా చేసుకొని కూర్చునేవాడు. రాత్రంతా ప్రార్థనలో ఏడుస్తున్నాడని పెద్దలు అనుకున్నారు. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. నా కొడుకును దేవుడు మెత్తపరిచాడని హేబ్సిబా లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఆమె మాటను అందరూ అంతగా నమ్మింది ఆ ఒక్కసారే.

ఒక క్రిస్మస్‌నాడు మోహన్‌ను వాక్యం చదవమన్నారు. ఒకే వచనాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. చదివిందే చదువుతున్నానని వాడికి తెలియలేదు. ముందు వరుసలో ఎవరో దగ్గారు. అప్పుడు ఆమెకు తెలిసింది, అది భక్తి కాదు మత్తని.

కొడుకును దవాఖానకు తీసుకుపోయింది. ఆ సరిహద్దు ఊళ్లో డాక్టరమ్మ తెలుగావిడే. "ఈ వయసుల మెదడు ఇంకా కట్టుబడిలనే ఉంటదమ్మా" అంది. "యాది పెట్టుకునేది, ఆగి సోంచాయించేది అన్నిటికన్నా ఆఖర్న పండుతయి, ఇరవై దాటినంక. అవి పండకముందే రోజూ కల్లు, గంజాయి పడితే దెబ్బ తాకుతది."

"మళ్ల వస్తదా డాక్టరమ్మా?"

"మానేస్తే చాన మట్టుకు తేరుకోవచ్చు. అందరికీ ఒక్కతీరుగ ఉండదు. మళ్ల అటు పోకుంట సూసుకో. పని చెప్పు. తప్పు చేసినా చెయ్యనియ్. వాని మీద వానికి నమ్మకం రావాలె."

మోహన్ మానేశాడు. చేతులు వణికిన రోజులు, గోడకు తల కొట్టుకున్న రోజులు దాటాడు. కానీ హైదరాబాద్ పిలుస్తూనే ఉంది. అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. సెంట్రింగు పనికి ఇక్కడి పిల్లలను వ్యాన్‌లో తీసుకుపోయే తుకారాం పైసలిస్తాడు, పొద్దుగూకితే సీసా కూడా ఇస్తాడు. అతని వ్యాన్ ఈ సాయంత్రమే పోతుంది. "ఇక్కడ పని నిలబడితే పోనమ్మా" అన్నాడు మోహన్ పొద్దున్న సద్దన్నం తింటూ.

మధ్యాహ్నం ఎండ ఒక్కసారిగా చల్లబడింది. కోట వైపు నుంచి మబ్బు లేచింది. తడిమట్టి వాసన ముందే వచ్చేసింది. ఆడవాళ్లు గంపలు పట్టుకొని పరుగెత్తారు. మోహన్ మాత్రం లాగుడు పలక చేతిలో పట్టుకొని గోడ దగ్గర నిలబడే ఉన్నాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వాడి పెదవులు కదులుతున్నాయి.

మరిచిపోయాడు. హేబ్సిబా గంప వదిలేసింది. పరుగున పోయి పలక లాక్కుంది. ఎదురుగా కనబడిన కందులను బలమంతా పెట్టి గేటు వైపు కుప్పలోకి నెట్టింది.

"ఆ కుప్ప కాదమ్మా" అన్నాడు మోహన్. "ఇవి పచ్చివి."

"నీకేం యాదికుంటది, జరుగు!"

వాడు జరిగాడు. ఆమె ఇంకా నెట్టింది. నాలుగు చినుకులు పడ్డాయి. తాడిపత్రి కప్పారు. మబ్బు హుల్సూర్ వైపు పోయింది.

మళ్లీ ఎండ కాసినప్పుడు అంబాదాస్ గేటు కుప్పలో చెయ్యి పెట్టాడు. వేళ్లు జిడ్డుగా బయటికి వచ్చాయి. ఇంకా లోతుగా పెట్టి చూశాడు. అక్కడా జిడ్డే.

"ఎవలు కలిపిండ్రు రా?"

అందరి కళ్లూ ఒక్క వైపే పోయాయి. మోహన్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నేనే అయ్యుంట మామా" అన్నాడు నెమ్మదిగా. "నాకు యాదికి లేదు."

"నేను కలిపిన అన్నా!" హేబ్సిబా ముందుకు వచ్చింది. "ఏసయ్య తోడు, నేనే. పోరడు వద్దనే అన్నడు. నేనే ఇనలే."

అంబాదాస్ ఆమెను కోపంగా చూడలేదు. జాలిగా చూశాడు. "తల్లివి. అట్లనే అంటవ్. ఇన్నేండ్లల్ల నీ చెయ్యి ఎన్నడన్న తప్పిందా? రేపటి సంది వానికి పని లేదు. నువ్వు మాత్రం రా."

ఆమె కృపమ్మ వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు కృపా."

"నేను తాడిపత్రి కాడున్న అక్కా. సూడలే." కృపమ్మ కళ్లు దించుకుంది. "ఊకో. ఇంకో పని దొరుకుతది."

హేబ్సిబా కొడుకు రెండు భుజాలూ పట్టుకుంది. "నువ్వే చెప్పినవ్ గద బిడ్డా, ఆ కుప్ప కాదని. ఇవి పచ్చివని. యాది చేసుకో."

మోహన్ కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద నరం ఉబ్బింది. చీకటి గదిలో గోడ తడిమినట్టు లోపల ఎక్కడో వెతుకుతున్నాడు. చాలాసేపటికి కళ్లు తెరిచాడు. ఏమీ దొరకలేదు.

"నేననలే అమ్మా" అన్నాడు. "నా కోసం అబద్ధం చెప్పకు. ఏసయ్య మీద ఒట్టు గూడ పెడుతున్నవ్."

ఆమె చేతులు జారిపోయాయి.

కలిసిన కందులు ఏరమని అంబాదాస్ ఆమెకు చెప్పాడు. ఏరడం అయ్యే పని కాదని ఆయనకూ తెలుసు. ఆమె నేల మీద కూర్చుంది. గింజ వెనక గింజ వేళ్ల మధ్య నలిపి చూసింది. జిడ్డున్నది ఒక చాటలోకి, లేనిది ఇంకో చాటలోకి. కాసేపటికి వేళ్లన్నీ జిడ్డయ్యాయి. ఏది పచ్చిదో ఏది ఎండిందో వేళ్లకు తెలియడం మానేసింది. అయినా ఏరుతూనే ఉంది. ఇంటికి పోయాక వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. మబ్బు లేచిన దగ్గర్నుంచి ఒక్కొక్కటే చెప్పాలి. నమ్మేదాకా చెప్పాలి. రేపు మళ్లీ చెప్పాలి.

తల ఎత్తేసరికి నీడలు కళ్లం దాటాయి. మర ఆగింది. మోహన్ నిలబడ్డ చోట ఎవరూ లేరు.

"మోహనేడి?"

కృపమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. "తుకారాం బండి గేటు కాడ ఆగింది అక్కా. ఎక్కిండు. నిన్ను పిలుస్తనంటే వద్దన్నడు. అమ్మ ఇంకా నాకోసం అబద్ధాలాడతది అన్నడు."

హేబ్సిబా లేచింది. ఒళ్లోని గింజలు చిందిపోయాయి. గేటు దాకా పరుగెత్తింది. హైదరాబాద్ రోడ్డు మీద లారీలు, మోటారు సైకిళ్లు, దుమ్ము. ఎటు చూసినా ఒకటే తీరు బండ్లు. గొంతెత్తి పేరు పిలిచింది. పక్కన పోతున్నవాళ్లు తిరిగి చూసి పోయారు.

పనివాళ్లందరూ ఇళ్లకు పోయారు. కళ్లంలోకి చెప్పులతో రానివ్వరు కాబట్టి అందరూ గేటు పక్క గోడ వార విడిచి వస్తారు. ఆ గోడ వార ఆమె చెప్పుల పక్కన ఇంకొక్క జత మిగిలి ఉంది. మోహన్‌ది. నీలం రబ్బరు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది, దాని మీద గాలికి వచ్చిన కందిపొట్టు అంటుకొని ఉంది.