ముందు మెత్తన, వెనక గట్టి

ఆ ఎర్ర కారును అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి కొన్నారు. రెండే సీట్లు, నేలకు రాసుకుంటుందా అన్నట్టుండే స్పోర్ట్స్ కారు. ఇందుకూరుపేటలో రొయ్యల గుంటలు చూసుకునే పెంచలకృష్ణకు అది మైపాడు రోడ్డు మీద తిరగడానికి కావాలి. ముత్తుకూరులో ఇంజనీరుగా పనిచేస్తూ సెలవు రోజుల్లో ఇంటికొచ్చే చెల్లెలు బిందుకు చెన్నై దగ్గరి రేస్ ట్రాక్ మీద తోలడానికి కావాలి. ఏడాది తిరక్కుండానే ఆ కారు వాళ్లిద్దరినీ పగవాళ్లను చేసింది.

కారుకున్న షాక్ అబ్జార్బర్లు బిందు తెప్పించి బిగించినవి. ఒక్కోదానికి పైన చిన్న మర ఉంటుంది. బిగిస్తే షాకు గట్టిపడి మలుపులో కారు ఒరగదు. వదులు చేస్తే మెత్తబడి గతుకుల్లో నడుము నిలుస్తుంది. ట్రాక్‌కు వెళ్లేముందు బిగించి, రాగానే వదులు చేస్తానని బిందు మాటిచ్చింది.

ఒకసారి అలసిపోయి వచ్చి ఆ పని మరిచిపోయింది. మర్నాడు పెంచలకృష్ణ తల్లి వెంకటశేషమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మేత లారీలు తిరిగి తిరిగి చితికిపోయిన రోడ్డు. ప్రతి గతుకూ ఆమె నడుముకే తగిలింది. మోకాలు చూపించుకోవడానికి వెళ్లిన మనిషి నడుము పట్టేసి మంచమెక్కింది.

"అమ్మ ఏడస్తా వచ్చింది దారంతా. నీ రేసుల పిచ్చికి ముసలామె నడుం పోయింది" అని పెంచలకృష్ణ వీధిలోకి వినపడేట్టు అరిచాడు.

"మరిచిపోయినా. ఆ మర తిప్పడం నీకు చేతకాదా? రొయ్యలకు మేత చల్లడమొక్కటే వచ్చునా?" అంది బిందు.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. కారు తాళం గోడ మేకుకు వేలాడేది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవారు.

మళ్లీ ట్రాక్‌కు వెళ్లాల్సిన ముందురోజు సాయంత్రం బిందు నాలుగు షాకులనూ బిగించి పడుకుంది. తెల్లవారుతూనే పెంచలకృష్ణ గుంటల దగ్గరికి వెళ్లడానికి కారు తీశాడు. బానెట్ ఎత్తి ముందు షాకులు రెండూ వదులు చేశాడు. వెనకవాటి మరలు అందాలంటే డిక్కీలో కార్పెట్ లేపాలి. అంత ఓపిక లేక వదిలేశాడు. తిరిగొచ్చి, మరలు మళ్లీ బిగించకుండానే కారు ఎప్పటిచోటే పెట్టాడు. చెల్లెలు బయల్దేరుతుంటే వరండాలో కూర్చుని చూశాడు గానీ, నోరు విప్పలేదు.

హైవే నున్నగా ఉండడంతో దారిలో బిందుకు ఏమీ తెలియలేదు. ట్రాక్ మీద మొదటి పెద్ద మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే ముక్కు కిందికి దిగబడిపోయింది. బరువంతా ముందుకు వచ్చి వెనక చక్రాలు తేలికయ్యాయి. స్టీరింగ్ తిప్పేసరికి కారు గిర్రున తిరిగి, గడ్డి మీదుగా జారి, ట్రాక్ అంచున పేర్చిన టైర్ల గోడకు పక్కవాటుగా గుద్దుకుంది. బెల్టు భుజాన్ని కోసుకుపోయింది. ఆమె చాలాసేపు స్టీరింగ్ వదల్లేకపోయింది. తర్వాత దిగి బానెట్ ఎత్తింది. మర ముట్టుకోగానే అర్థమైంది.

సొట్ట పడిన తలుపుతోనే ఇల్లు చేరింది.

"ముందువి ఎవరు తిప్పినారు?"

"నేనే. నా బండి కాదా?"

"ముందు మెత్తన, వెనక గట్టి పెడితే వెనక భాగం విసిరేస్తది. చచ్చుండేదాన్ని!"

"ఎక్కే ముందు చూసుకోవద్దా? పెద్ద ఇంజనీరువి గదా."

"నేను పోతా ఉంటే చూస్తా కూర్చున్నావే. ఒక్క మాట చెప్పుంటే నీ నోరు అరిగిపోతదా?"

"నువ్వు చెప్పినావా నాకు, అమ్మను ఎక్కించుకుని పోయిన రోజు?"

మంచం మీదనుంచి వెంకటశేషమ్మ ఇద్దరినీ పేర్లు పెట్టి పిలిచింది. ఎవరూ లోపలికి వెళ్లలేదు.

మర్నాడు బిందు కారును జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, తన షాకులు విప్పడం మొదలుపెట్టింది. మూడు వచ్చాయి. నాలుగోదాని బోల్టు ఉప్పుగాలికి తుప్పు పట్టి కదల్లేదు. బెల్టు తగిలిన భుజం సహకరించక స్పానర్ జారిపోతోంది. పెంచలకృష్ణ చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి ఇనుప పైపు తెచ్చి ఆమె పక్కన పడేశాడు. ఆమె దాన్ని స్పానర్‌కు తొడిగి బలంగా నొక్కింది. బోల్టు కీచుమని తిరిగింది.

"భుజానికేమన్నా దెబ్బ తగిలిందా?" అన్నాడతను.

"ఇప్పుడా అడిగేది?"

"అడగడం గూడా తప్పేనా?"

ఆమె నాలుగోదాన్నీ ఊడలాగింది. షాకులు నాలుగూ గోనెసంచిలో వేసి, తల్లి కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, ముత్తుకూరు ఆటో ఎక్కింది. ఆ తర్వాత ఆదివారాలు ఆమె రావడం మానేసింది. తల్లితో ఫోన్‌లోనే మాట్లాడేది. అన్న ఫోనెత్తితే పెట్టేసేది.

కారుతో పాటు వచ్చిన కంపెనీ షాకులు పాకలోనే ఉన్నాయి. పెంచలకృష్ణ వాటిని బిగించుకోలేదు. కారు స్టాండ్ల మీదే ఉండిపోయింది. అతను గుంటలకు మోటారుసైకిల్ మీద పోతున్నాడు.