మా ఆయన వంతు పిడికిలి

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు, ఇంకేమైనా అడగాలా అన్నాడు డాక్టరు. గుండె ఆపరేషన్ అయిన మనిషన్నవాడు ఏం తినొచ్చు, మెట్లెప్పుడు ఎక్కొచ్చు అని అడుగుతాడు. మా ఆయన, చర్చి పూజలో రొమ్ము కొట్టుకోవచ్చా అని అడిగాడు.

డాక్టరుకు అర్థం కాలేదు. మా ఆయన మంచం మీదే లేచి కూర్చుని చేసి చూపించబోయాడు. నేనూ నర్సూ చెరో వైపు పట్టుకున్నాం. రొమ్ము ఎముక కోసి తీగతో కట్టాం, అది అతుక్కునేదాకా దాని మీద ఈగ వాలినా తోలుకోవడమే గానీ కొట్టడం లేదన్నాడు డాక్టరు.

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు గానీ, చర్చిలో మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. నిలబడటం గౌరవానికి, కూర్చోవడం వినడానికి, మోకరించడం నేనెంతటివాణ్ణని ఒప్పుకోవడానికి అని కొత్తగా వచ్చినవాళ్ళకు వద్దన్నా చెబుతాడు. ఎవరైనా మోకాళ్ళు వంచి నడుము బెంచీకి ఆనిస్తే, అది మోకరించడం కాదు, బస్సు కోసం కాచుకోవడం అంటాడు. పశ్చాత్తాప ప్రార్థనలో ‘నా పాపం, నా పాపం, నా మహాపాపం’ అంటూ అందరూ పిడికిలితో రొమ్ము తట్టుకునేటప్పుడు, ఆయన చప్పుడు చివరి వరుసకు వినిపించేది. ఇప్పుడు చెయ్యి ఊరికే ఆనిస్తే చాలు, దేవుడికి మీ ఎక్స్‌రే సంగతి తెలుసని ఫాదర్‌గారు నచ్చజెప్పారు. మా ఆయనకు మనసొప్పలేదు.

నేను టైలర్ని. ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తుంటే వచ్చి మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“నా వంతు కూడా నువ్వే కొట్టేసుకో,” అన్నాడు.

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. పాపం మీది, గుండె నాదా అన్నాను. పెళ్ళిలో మనిద్దరం ఒకటేనన్నారు కదా అన్నాడు. ఆ మాట ఆయనకు ఇన్నేళ్ళలో గుర్తుకు రావడం అదే మొదలు.

సరే, గుండె కోయించుకుని వచ్చినవాడు. ఆదివారం నా వంతు అయ్యాక ఆయన వంతూ కొట్టుకున్నాను. అందరి చేతులూ కిందికి దిగాయి, నాది ఇంకా ఆడుతూనే ఉంది. వెనక వరుసలో మా తోడికోడలు అంతా చూసింది. వారం తిరక్కుండానే, నేనేదో ఘోరం చేశాననీ, అది తెలిసే మా ఆయన గుండె చెడిందనీ కథ తిరిగొచ్చి నా మిషన్ దగ్గరికే చేరింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“కొలతలివ్వందే నేను గుడ్డ ముట్టుకోను,” అన్నాను ఆయనతో. “ఏ పాపానికి కొట్టుకోవాలో ముందు చెప్పండి.”

అవన్నీ పాపసంకీర్తనంలో ఫాదర్‌గారికి చెప్పుకునేవన్నాడు. అయితే ఆయన్నే కొట్టుకోమనండి అన్నాను.

ఆ దెబ్బకు దారికొచ్చాడు. అయితే అన్నీ చిల్లర పాపాలే. నేను చూడకుండా కూరలో ఉప్పు వేసుకున్నాడట. తమ్ముడి గురించీ వాళ్ళావిడ గురించీ చెడుగా అనుకున్నాడట. ఉప్పుకు గట్టిగానే కొట్టుకున్నాను. రెండోది నాకు పెద్ద పాపంగా తోచలేదు.

నేను కాచుకుని ఉన్నది వీటికోసం కాదు, మా అమ్మ పోయిన రోజు కోసం. ఆ రోజు పొద్దున, ఆఖరి ఘడియలు, వెంటనే రమ్మని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కారు తాళం ఆయన జేబులో ఉంది, ఆయన చర్చి కమిటీ మీటింగులో ఉన్నాడు. మోకరించే పీటలకు మెత్తలు వేయించాలా వద్దా అని మీటింగు. కబురు చేస్తే, అయిపోవచ్చింది, వస్తున్నా అన్నాడు. వాళ్ళు మెత్తలకు ఒప్పుకునేసరికి మధ్యాహ్నం దాటింది. మేం వెళ్ళేసరికి అమ్మ ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆ మెత్తలకు గలీబులు కుట్టింది నేనే, ప్రతి వారం మోకరించేదీ వాటి మీదే. చివరి వరుసకు వినిపించేలా రొమ్ము కొట్టుకున్న మనిషి, పక్కనే ఉన్న నాతో తప్పయిందని ఒక్కనాడూ అనలేదు.

మొన్న ఆదివారం బయల్దేరేటప్పుడు, ఈ వారం పాపాల్లేవా అంటే, చెప్పులేసుకుని ముందు నడిచాడు. చర్చిలో లేచి నిలబడ్డాం. తలపుల్లో, మాటల్లో, చేతల్లో, చేయవలసింది చేయకపోవడంలో పాపం చేశానని అందరూ ఒక్క గొంతుతో చెబుతున్నారు. మా ఆయన మధ్యలో ఆగిపోయాడు. ప్రార్థనలో పక్కకు చూసినవాళ్ళను గదమాయించే మనిషి, పూర్తిగా నా వైపు తిరిగాడు.

“చేయకపోవడంలో,” అన్నాడు. “ఆ రోజు మెత్తల కోసం కూర్చుండిపోయాను. మీ అమ్మ కడచూపు నీకు దక్కకుండా చేశాను. తప్పు నాదే.”

చుట్టూ పిడికిళ్ళు లేచాయి. నా చెయ్యి లేవలేదు. ఉప్పుకు లేచిన చెయ్యి దీనికి లేవనంది. ఇది ఆయన బదులు నేను కొట్టుకునేది కాదు. ఏడుపొచ్చింది, అదీ కోపంగానే వచ్చింది.

నేను కదలకపోయేసరికి ఆయనే పిడికిలి ఎత్తాడు. డాక్టరునీ తీగనీ మరిచిపోయి, మునుపటిలాగే ఎత్తాడు. రొమ్ముకు తగిలేలోపు రెండు చేతులతో పట్టేసుకున్నాను.

“చాలు,” అన్నాను. “వినిపించింది.”

ఆ తర్వాత అందరూ ఎప్పుడు కూర్చున్నారో మా ఆయన చూసుకోలేదు. తోడికోడలు వెనక నుంచి భుజం తట్టి చెప్పేదాకా, ఆ పిడికిలి పట్టుకుని ఇద్దరం నిలబడే ఉన్నాం.