కంచులో ఒడీల్ ముఖం

మేయరు గుడ్డ లాగగానే జనమంతా ముందు బొమ్మను చూశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తల తిప్పి ఒడీల్‌ను చూశారు.

శిల్పి అన్సెల్మ్ టోపీ చేత్తో పట్టుకుని వేదిక మీద నిలబడి, ఆ తలలు తిరగడం చూశాడు. సోన్ నది ఒడ్డున ఆ ఊళ్ళోనే పుట్టి, పారిస్ వెళ్ళి పేరు తెచ్చుకున్నవాడు. సంత జరిగే చోట కట్టిన కొత్త ఫౌంటెన్ కోసం, తమ నదిని ఒక స్త్రీగా కంచులో పోసిమ్మని ఊరివాళ్ళు అడిగారు. పోసిచ్చాడు. కడవ వంచి నీళ్ళు పోస్తున్న ఆ స్త్రీ ఒంటిమీద నూలుపోగు లేదు. ముఖం మాత్రం బట్టలు ఉతికే ఒడీల్‌ది, కనుబొమల మధ్య సన్నని మడతతో సహా.

ఒడీల్ తన ముఖం చూసుకుందామని ఇస్త్రీ చేసిన తెల్ల టోపీ పెట్టుకుని, మొగుడు ఫిర్మిన్ చెయ్యి పట్టుకుని ముందువరసలో నిలబడి ఉంది. ఇప్పుడు ఆమె ముందుకూ కదలలేదు, వెనక్కూ కదలలేదు. పడవ నడిపే ఫిర్మిన్ తన కోటు విప్పి, మెడదాకా గుండీలు పెట్టుకునే ఉన్న పెళ్ళాం భుజాల చుట్టూ కప్పాడు.

బాజాలు మోగాయి. అన్సెల్మ్ చప్పట్లకు వంగి నమస్కరించాడు.

కిందటి చలికాలంలో ఒడీల్ అతని ముందు నమూనాగా కూర్చున్నది ముఖానికీ చేతులకీ మాత్రమే. పక్కనే అత్త పెరీన్ మేజోళ్ళు అల్లుకుంటూ కాపలా కాసేది. "బొమ్మ ఒంటిమీద బట్ట ఉంటుంది కదండీ?" అని ఒడీల్ మొదటిరోజే అడిగింది. "మెడ నుంచి పాదాల దాకా ఉంటుందమ్మా," అన్నాడు. అన్నప్పుడు అది అబద్ధం కాదు. మట్టి నమూనాకు బట్ట ఉంది కూడా. పారిస్‌లో, కంచు పోసే ముందు మైనపు బొమ్మను సవరిస్తున్నప్పుడే, ఆ బట్ట మడతలు నడుము ఒంపును మింగేస్తున్నాయనిపించింది. చాకు వేడి చేసి కొంచెం తీశాడు. ఇంకొంచెం తీశాడు. శిల్పుల ముందు నిలబడడమే వృత్తిగా ఉన్న ఒకమ్మాయిని పిలిపించి ఒళ్ళంతా మళ్ళీ మలిచాడు. అతని చెయ్యి ఎన్నడూ అంత చక్కగా ఆడలేదు. ఒడీల్‌కు ఒక ముక్క చెప్పాలని రోజూ అనుకున్నాడు. ఈలోగా అచ్చులో మైనం కరిగిపోయింది, దాని చోట కంచు నిండింది.

ఆ సాయంత్రం విందులో నోటరీ గోబేర్ గ్లాసు పైకెత్తాడు. "ఏమయ్యా అన్సెల్మ్, ముఖమైతే అచ్చుగుద్దినట్టుంది. మిగతాది కూడా అంతేనా? నువ్వే చెప్పాలి, మేమెవరమూ చూడలేదు మరి!"

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. ఆ ఒళ్ళు ఆమెది కాదు అన్న మాట నాలుక చివర్నే ఉంది. కానీ అన్సెల్మ్ నవ్వాడు. నవ్వి గ్లాసు ఎత్తాడు.

ఆ నవ్వు తెల్లారేసరికి ఊరంతా పాకింది.

కొన్నాళ్ళకు అన్సెల్మ్ నది గట్టు వెంట నడుస్తుంటే, కింద రేవులోంచి ఆడవాళ్ళ మాటలు వినిపించాయి.

"ఏమే ఒడీలూ, ఇవాళ చలేస్తోందా? బట్టలు కట్టుకొచ్చావే!"

"ఊరుకోండే. మన బట్టలు ఉతకడానికే దానికి తీరిక లేదు, ఇంక సొంతానివి కూడానా!"

ఒడీల్ బట్టలు కొట్టే చప్పుడు పెరిగింది. అన్సెల్మ్ చెవులు కాలిపోయాయి. కిందికి దిగి ఒక్క మాట చెప్పవచ్చు. దిగలేదు. వెనక్కి తిరిగి వేరే సందులోంచి ఇంటికి పోయాడు.

ఆదివారం ఒడీల్ ఇంటికి వెళ్ళాడు. ఫిర్మిన్ తలుపు తీశాడు.

"రండి. మా ఆవిడ బట్టలు కట్టుకునే ఉంది లెండి."

అన్సెల్మ్ తలవంచుకుని లోపలికి నడిచాడు. "బొమ్మ తల కోయించేసి వేరే ముఖం పోయిస్తానమ్మా," అన్నాడు.

"అప్పుడేమంటారు? సిగ్గేసి తీయించుకుందంటారు," అంది ఒడీల్. "నా ముఖం ఏం పాపం చేసిందండీ? దాన్నక్కడే ఉండనివ్వండి. ఒళ్ళు నాది కాదని మీ నోటితో చెప్పండి. సంతలో, అందరి ముందూ."

"అందరి ముందా?"

"గుడ్డ లాగింది అందరి ముందేగా."

సంతరోజున అన్సెల్మ్ ఫౌంటెన్ మెట్టెక్కి నిలబడ్డాడు. జున్నులమ్మేవాళ్ళు, కోళ్ళమ్మేవాళ్ళు చుట్టూ మూగారు. "ఈ ఒళ్ళు ఒడీల్‌ది కాదు. బట్ట వేస్తానని ఆమెకు మాటిచ్చి తప్పాను," అన్నాడు.

"మర్యాదస్తుడు! ఆడదాని పరువు కాపాడుతున్నాడు," అన్నాడు గోబేర్ గుంపులోంచి. "మరి ఆ రోజు విందులో నవ్వావేమయ్యా?"

అన్సెల్మ్ ఏదో గొణిగాడు.

"వినబడట్లేదు!" అని ఎవరో అరిచారు.

"పిరికివాణ్ణి గనక నవ్వాను!"

ఎవరూ నవ్వలేదు. ముసలి పెరీన్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "చలికాలమంతా ఆ గదిలో కూర్చున్నదాన్ని నేను. నా కోడలు ఒక్క గుండీ విప్పలేదు. కాదనేవాళ్ళెవరో నా ఎదురుగా వచ్చి అనండి!"

గోబేర్ జున్నుల వైపు తిరిగి బేరం మొదలుపెట్టాడు.

"ఈ మాట ముందే చెప్పలేకపోయావా అవ్వా?" అన్నాడు అన్సెల్మ్ మెట్టు దిగుతూ.

"ఎందరికి చెప్పలేదు! అత్త గదా, ఇంటి గుట్టు కప్పుకుంటోందన్నారు. నీ నవ్వు నమ్మినవాళ్ళు నా మాట నమ్ముతారా?"



ఊరి నోరు ఒక్క రోజులో మూతపడలేదు గానీ, రేవులో ఎత్తిపొడుపులు పలచబడ్డాయి. గోబేర్ ఇంటి బట్టలు ఉతకనని ఒడీల్ తేల్చి చెప్పింది. ఫిర్మిన్ మాత్రం అన్సెల్మ్ ఎదురుపడితే పక్కకు తప్పుకునేవాడు. దండం పెట్టినా చూడనట్టే పోయేవాడు.

పారిస్‌కు తిరిగి వెళ్ళే రోజు ఉదయం, అన్సెల్మ్ ఫౌంటెన్ దగ్గర ఆగాడు. ఒడీల్ బకెట్‌తో నీళ్ళకొచ్చింది. అది నిండాక అతని వైపు తిరిగింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. బొమ్మ బాగుందా?"

లేదని చెప్పాలనిపించింది. కానీ ఈమెకు ఇంకో అబద్ధం చెప్పే మొహం లేదు. "బాగుందమ్మా. నేను చేసినవాటిలో ఇదే బాగుంది."

"నాకూ అలాగే అనిపిస్తోంది," అంది ఒడీల్. "ఇంత బాగున్నదాన్ని జనం చూడ్డం మానరు. అందుకే మిమ్మల్ని క్షమించడం నావల్ల కావట్లేదు."

బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా అన్సెల్మ్ కళ్ళెత్తలేదు.