బొట్టు లేని పిలుపు

సింధూర పెళ్లికి లచ్చయ్యను పిలవలేదు. పిలవలేదని గట్టిగా అనడానికీ లేదు. పెళ్లికార్డు ఫోటో ఆయన ఫోన్‌కు వచ్చింది. దాని కింద నీలం అక్షరాల్లో ఒక లింకు, "లైవ్‌లో వీక్షించి వధూవరులను ఆశీర్వదించగలరు" అని ఒక వాక్యం. పంపింది సింధూర తమ్ముడు మధు. అంతే.

ఆ రెండిళ్ల మధ్య ఉన్నది ఫోన్ చుట్టరికం కాదు. చంపాపేట్‌లో కోటేశ్వరమ్మగారి ఇంట్లో పక్కపక్క పోర్షన్లలో లచ్చయ్య, వెంకటేశ్వర్లు పదమూడేళ్లు కిరాయికున్నారు. లచ్చయ్యకు పిల్లలు లేరు. వెంకటేశ్వర్లు కూతురు సింధూర ఆ ఇంట్లో పాలు తాగి, ఈ ఇంట్లో అన్నం తిని, ఎక్కడ నిద్రొస్తే అక్కడ పడుకుని పెరిగింది. లచ్చయ్యను పెద్దనాయినా అని పిలిచేది. తర్వాత వాళ్లు హయత్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని పోయారు. లచ్చయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న ఫ్లాట్ కొనుక్కున్నాడు. మొదట్లో పండగలకు కలిసేవారు. తర్వాత ఫోన్లు. ఆ తర్వాత పొద్దున్నే పూల బొమ్మల మీద శుభోదయాలు. ఏడాదిన్నర కింద లచ్చయ్య భార్య యాదలక్ష్మి పోయినప్పుడు, పదకొండు రోజులూ వెంకటేశ్వర్లు దంపతులు ఇక్కడే ఉన్నారు. వాళ్లు వెళ్లాక మళ్లీ పూల బొమ్మలే.

కార్డు వచ్చాక కూడా లచ్చయ్య ఎదురుచూశాడు. లింకు అందరికీ పంపుతారు, మన ఇంటికి మనుషులొస్తారు అనుకున్నాడు. ఆదివారం ఉతికిన చొక్కా తొడుక్కుని, ఒక పాలప్యాకెట్ ఎక్కువ తెచ్చి పెట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. మంగళవారం రైతుబజారులో కోటేశ్వరమ్మ కనిపించింది.

"సింధూర పెళ్లికి వస్తున్నారుగా అన్నయ్యగారూ? మొన్న మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చి, నాకు బొట్టు పెట్టి మరీ పిలిచారు. మీ ఇంటికీ వచ్చే ఉంటారులెండి."

"ఆఁ, ఒచ్చిర్రమ్మా" అన్నాడు లచ్చయ్య. వంకాయలు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

రమ్మనేవాళ్లకు బొట్టు, చూడమనేవాళ్లకు లింకు. ఇంటికి వచ్చే దారంతా అదే అనుకున్నాడు.

శుక్రవారం పదకొండు దాటాక ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి లింకు నొక్కాడు. ఎల్‌బీ నగర్‌లో ఫంక్షన్ హాలు. మెట్రోలో మూడో స్టేషన్. చూస్తున్నవారు ఇరవై ముగ్గురని ఒక మూల కనిపిస్తోంది. మిగతా ఇరవై రెండుమంది ఏ వంటింట్లో ఒంటరిగా కూర్చుని చూస్తున్నారో అనుకున్నాడు.

జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చుని చూడబుద్ధి కాలేదు. తెర కింద ఖాళీ గడిలో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ "సల్లగుండు బిడ్డా" అని రాసి పంపాడు. ఎవరెవరో పంపిన ఎర్ర గుండె బొమ్మలు వచ్చి ఆ మాటను పైకి తోసేశాయి.

అప్పుడే ఫోన్ మోగింది. పెళ్లి ఆగిపోయింది. తెరంతా వెంకటేశ్వర్లు పేరు.

లచ్చయ్య చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడా యాదికొచ్చింది? జేబులో పొరపాటున తగిలి ఉంటుంది. మోగి మోగి ఆగింది.

వీడియో ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది. తలంబ్రాల పళ్లేలు సర్దుతున్నారు. వెంకటేశ్వర్లు మండపం అంచుకు వచ్చాడు. జేబులోంచి ఫోన్ తీసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, నొక్కి చెవికి ఆనించాడు. ఇందాక మోగినది ఇదేనని లచ్చయ్యకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తాను ఎత్తని ఫోన్‌ను ఇప్పుడు అవతలి వైపు నుంచి చూస్తున్నాడు. వెంకటేశ్వర్లు రెండో చెవి మూసుకుని హాలు గుమ్మం వైపు చూశాడు. భార్య కృష్ణకుమారి వచ్చి ఏదో అడిగింది. తల అడ్డంగా ఊపాడు. అయినా ఫోన్ దించలేదు. చివరికి దించి, దాని వంకే చూస్తూ నిలబడి, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

లచ్చయ్య చేతికి అందిన చొక్కా వేసుకుని మెట్లు దిగాడు. మెట్రోలో చెవుల్లో తీగలు పెట్టుకున్న ఒక అమ్మాయి, ఫోన్ లోంచి తల ఎత్తకుండానే లేచి ఆయనకు చోటిచ్చింది.

హాలు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. గుమ్మంలోనే కృష్ణకుమారి ఎదురైంది.

"ఇప్పుడా బావా ఒచ్చేది? బువ్వల టైముకు ఒచ్చే చుట్టం లెక్క!"

"పిలిస్తె గద ముందుగాల ఒచ్చేది." నోరు జారింది లచ్చయ్యకు.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "పిలువకుంటనా? ఆదివారం మీ గల్లీ దాంక ఒచ్చినం బావా. కుంకుమ భరిణె చేతులనే ఉన్నది. అక్క లేని ఇంట్ల ఎవలికి పెట్టాలె బొట్టు? నీ ముంగట ఆ భరిణె తీయనీకి నాకు కాళ్లు రాలే. ఆడికెల్లే మర్లిపోయినం. ఫోన్ జేసి చెప్పుమని గీయనకు చెప్పిన. చెప్పలేదా?"

అప్పటికి వెంకటేశ్వర్లు వచ్చాడు. "అన్నకు వేరే చెప్పాల్నా? మన ఇంటి మనిషేనాయె. మధుగాడు కార్డు పంపిండు గద అనుకున్న."

"థూ నీ తెలివి పాడుగాను" అంది ఆమె, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"మరి ఫోన్ ఎందుకెత్తలే అన్నా?"

"రైల్ల సప్పుడుకు ఇనబడలే."

వెంకటేశ్వర్లు ఆయన ముఖంలోకి ఒకసారి చూశాడు. చెయ్యి పట్టుకుని మండపం ఎక్కించాడు. సింధూర వంగి కాళ్లకు మొక్కుతూ, "గుమ్మం దిక్కు చూసీ చూసీ మెడ గుంజింది పెద్దనాయినా" అంది. లచ్చయ్య అక్షింతలు వేస్తుంటే సగం గింజలు పెళ్లికొడుకు ఒళ్లో పడ్డాయి.

కన్యాదానం చేసినవాడు కనుక వెంకటేశ్వర్లు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఇద్దరూ ఆఖరి బంతిలో పక్కపక్కన కూర్చున్నారు. కూర్చున్నాక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఇన్నాళ్ల పూల బొమ్మల్లో చెప్పుకున్నది ఏమీ లేదు.

"మోకాళ్లు ఎట్లున్నయ్?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"అట్లనే ఉన్నయ్. నీ షుగరు?"

"అదీ అట్లనే."

వడ్డించేవాడు ముందుకు సాగిపోయాడు. వెంకటేశ్వర్లు తన విస్తట్లోని బూరెను తీసి, అడగకుండానే లచ్చయ్య విస్తట్లో వేశాడు. లచ్చయ్య దాన్ని తుంచి నోట్లో పెట్టుకున్నాడు.