పాము చెవుల మేస్త్రి

మా బావను అందరూ పాము చెవుల మేస్త్రి అంటారు. రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొస ఇంజను మీద అటూ ఇటూ ఆడించి జబ్బేమిటో చెప్పేస్తాడు. షెడ్డులో ఇంజను గాలి పీల్చే తీరును ముల్లుతో చూపే వాక్యూమ్ మీటరు కూడా ఉంది కానీ దాని డబ్బా మూత తీసిన పాపాన ఎవరూ పోలేదు. "ముల్లు చూసి చెప్పేదానికి మేస్త్రి ఎందుకు?" అంటాడు.

ఆయన ఇంజన్లు చూస్తాడు, నేను కార్లకు రంగులు వేస్తాను. పాతికేళ్ళుగా ఒకే షెడ్డు. ఆయన పనిలో నేను వేలు పెట్టను, నా పనిలో ఆయన పెట్టడు. పెడితే రంగు అంటుకుంటుంది కూడా.

పళ్ళ డాక్టరమ్మ తన పాత స్పోర్ట్స్ కారు తెచ్చింది. రెండు సీట్లు, రెండు కార్బురేటర్లు, నలభై ఏళ్ళు దాటిన వయసు. రోడ్డు మీద బాగానే పరిగెడుతుంది. సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం ఇంజను ఒకసారి లేచి, ఒకసారి పడి, చివరకు ఆగిపోతుంది. "మీ వల్ల కూడా కాకపోతే అమ్మేస్తాను మేస్త్రిగారూ" అంది. ఈ మధ్య రెండు కార్లు బాగుపడకుండానే మా షెడ్డు గేటు దాటాయి. ఇది మూడోదైతే బావ పేరు గంగలో కలిసినట్టే. ఆ సంగతి ఆయన నోటితో అనలేదు, అన్నం మాత్రం సగంలో వదిలేస్తున్నాడు.

మొదటి రోజు గొట్టం పెట్టి విని, పెట్రోలు సరిగా అందడం లేదని తేల్చాడు. వెనక కార్బురేటర్ విప్పి, సన్నటి రంధ్రాలన్నీ ఊది శుభ్రం చేశాడు. మార్పు లేదు. రెండో రోజు మళ్ళీ విప్పి లోపల పెట్రోలు మట్టం చూసే తేలుబుడ్డి ఎత్తు సరిచేశాడు. మూడో రోజు ఇంకోసారి విప్పి, పెట్రోలు వదిలే సూది మార్చాడు. ఇంజను మాత్రం లేస్తూనే ఉంది, పడుతూనే ఉంది.

నాకు మొదటి గంటలోనే బుస వినబడింది. ఎక్కడో చిల్లి పడి, ఇంజను దొంగగాలి పీలుస్తోందని రంగులు వేసేవాడికి కూడా తెలుస్తుంది. నాకే తెలిస్తే బావకు తెలియదా? ఏదో లెక్క ఉండే దాన్ని తర్వాతకు వదిలాడనుకున్నాను. ఆయనకు బుస గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

నాలుగో రోజు డాక్టరమ్మ వచ్చింది. ఇంజను నడుస్తోంది.

"ఏంటండీ ఆ బుస?" అంది.

"ఏ బుస?" అన్నాడు బావ.

వేళాకోళమనుకుని ఆవిడ నవ్వింది. బావ నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"నీకు వినబడుతోందా?"

"ఆఁ."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి, బావా."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు సిగ్గేసింది. దగ్గరికెళ్ళి, ఇంజను నుంచి బ్రేకుల వైపు వెళ్ళే గొట్టం కింద వేలు పెట్టి చూపించాను. అంగుళం పగులు. బావ దాన్ని బొటనవేలితో మూయగానే ఇంజను చాలావరకు కుదుటపడింది. కొత్త గొట్టం వేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

బావ మళ్ళీ ఇంజను స్టార్ట్ చేశాడు. డాక్టరమ్మ కారెక్కబోయింది. బావ ఎక్కనివ్వలేదు. నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఆగిందా?"

పూర్తిగా ఆగలేదు. ఇంకో సన్నటి బుస ఉంది, మొదటి రోజు లేనిది. వెనక కార్బురేటర్ అడుగు నుంచి వస్తోంది. విప్పి బిగించి, విప్పి బిగించి, కింద గాలి చొరబడకుండా వేసే గాస్కెట్ చిరిగినట్టుంది. ఆగిందంటే ఆ పూటకు ఆయన పరువు నిలుస్తుంది. మూడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి, నాలుగో రోజు కూడా కూర్చోలేకపోయాను.

"లేదు బావా. ఇంకోటి ఉంది."

"ఎక్కడ?"

"నువ్వు మూడుసార్లు విప్పిన చోటే."

బావ ఇంజను ఆపేశాడు. పానా తీసుకుని, వంగి, వెనక కార్బురేటర్ నాలుగోసారి విప్పడం మొదలుపెట్టాడు.

"మొదటి రోజే చెప్పుంటే ఇది చిరిగేది కాదు కదరా" అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.